దాహానికి ధర ఉంటుందా? వేసవి చిరువ్యాపారంపై ఒక ధర్మవిచారణ

తెలుగు నేల మీద మార్చి నుంచి మృగశిర కార్తె ప్రవేశించే జూన్ మొదటి వారం దాకా సాగే వేసవి, చిన్న పెట్టుబడితో ఆహార పానీయాలు అమ్మి బతికే కుటుంబాలకు ఏడాదిలోకెల్లా ముఖ్యమైన ఆదాయ కాలం. మజ్జిగ, చెరకు రసం, నిమ్మ సోడా, కొబ్బరి బోండాలు, తాటి ముంజలు, పుచ్చకాయ ముక్కలు, రాగి అంబలి, రాయలసీమలో నన్నారి షర్బత్, పిల్లల కోసం పుల్ల ఐసు ఈ కాలపు సరుకులు. తోపుడు బండి ఒకటి, కాస్త చెట్టు నీడ, తెల్లవారకముందే లేచి సరుకు తెచ్చుకోగల ఓపిక ఉంటే వీటిలో ఏ ఒక్కదానితోనైనా వ్యాపారం మొదలుపెట్టవచ్చు. అదే కాలంలో, తరచు అదే వీధిలో, చలివేంద్రం కూడా వెలుస్తుంది. దాహంతో వచ్చినవారికి పైసా అడగకుండా కుండలోని నీరు పోయడం పుణ్యకార్యమని ఈ సమాజం తరతరాలుగా నమ్ముతూ వచ్చింది. ఒకే ఎండ, ఒకే దాహం ఒకచోట దానానికి, మరొకచోట అమ్మకానికి కారణం కావడంలోనే ఒక ధర్మప్రశ్న ఉంది: తోటి మనిషి దాహాన్ని ఆధారం చేసుకుని సంపాదించడం న్యాయమేనా, ఇవ్వవలసినదాన్ని అమ్ముకోవడం దోషం కాదా, దోషం కాకపోతే ఆ అమ్మకానికి హద్దు ఎక్కడ?

ఈ ప్రశ్నకు తొందరపడి చెప్పగల సమాధానాలు రెండున్నాయి. దాహం తీర్చడం దానంగానే జరగాలని, దానితో లాభం చూసుకోవడం పాపమని మొదటిది అంటుంది. కొనేవాడు ఇష్టపడి కొన్నాడు, అమ్మేవాడు ఇష్టపడి అమ్మాడు కాబట్టి ఇందులో విచారించవలసినదేమీ లేదని రెండవది అంటుంది. మొదటిది ఎండలో నిలబడి శ్రమించే మనిషి ఆకలిని లెక్కలోకి తీసుకోదు. రెండవది దాహంతో నోరెండిన మనిషికి నిజంగా ఇష్టాయిష్టాలు మిగులుతాయా అన్నది పట్టించుకోదు. శ్రమకు, సరుకుకు, రుచికి ధర కట్టడం ధర్మసమ్మతమేనని, దాహానికే ధర కట్టడం మాత్రం కాదని, ఈ రెంటినీ విడదీసి చూపగలిగేది ఉచితంగా దొరికే నీరేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నీరు దానంగా

నీటిని ధర లేకుండా అందించాలన్న భావన ఏ ఒక్క మతానికో చెందినది కాదు. సంస్కృత గ్రంథాలు చలివేంద్రాన్ని ప్రప అంటాయి. బాటసారుల కోసం నీడలో కుండలు పెట్టి, నీరు పోయడానికి ఒక మనిషిని నియమించి నడిపే ఏర్పాటు అది. శాతవాహన రాజు హాలుడు సంకలనం చేసినట్టు ప్రసిద్ధమైన ప్రాకృత గాథాసప్తశతిలో ఇలాంటి చలివేంద్రం దగ్గర నీరు పోసే యువతి, ఆ నీరు తాగే బాటసారి ఒక గాథకు పాత్రలయ్యారంటే, శాతవాహనుల కాలపు దక్కనులో ఈ ఏర్పాటు ఎంత మామూలు దృశ్యమో ఊహించవచ్చు. అంతకు ముందే, క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో, అశోకుడు దారుల వెంట బావులు తవ్వించి, చెట్లు నాటించి, మనుషులతో పాటు పశువుల దాహాన్ని కూడా రాజ్యబాధ్యతగా ప్రకటించాడు. ఆ మాట చెప్పే రెండవ శిలాశాసనం ప్రతి ఒకటి కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడిలో నేటికీ ఉంది. ఆయన ఏడవ స్తంభశాసనం దారుల్లో నీరు తాగే చోట్లను ఏర్పాటు చేసిన విషయాన్ని విడిగా పేర్కొంటుంది.

పురాణ వాఙ్మయం ఈ బాధ్యతను రాజు నుంచి ప్రతి గృహస్థుకూ విస్తరించింది. స్కాందపురాణంలోని వైశాఖమాస మాహాత్మ్యం ఈ నెలలో చేయదగిన దానాలుగా నీటిని, చలివేంద్రాన్ని, గొడుగును, పాదరక్షలను, విసనకర్రను ప్రశంసిస్తుంది. ఎండ నుంచి మనిషిని కాపాడేవే ఈ దానాలన్నీ కాబట్టి పుణ్యం అనే భావన ఇక్కడ ఋతువు కలిగించే బాధకు నేరుగా జవాబు చెబుతోంది. అక్షయ తృతీయ నాడు నీరు నిండిన కుండను దానమిచ్చే ఉదకుంభ దానం, శ్రీరామనవమి పందిళ్లలో పంచిపెట్టే పానకం, వడపప్పు ఈ ఆలోచనకే ఆచార రూపాలు. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన నీరు, నానబెట్టిన పెసరపప్పు వేసవి తాపానికి తగిన ఆహారం కావడం, అవి ప్రసాద రూపంలో అందరికీ ఉచితంగా చేరడం గమనించదగ్గవి.

ఇస్లాం సంప్రదాయంలో నీరు, పచ్చిక, నిప్పు అనే మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములన్న ప్రవక్త బోధ ప్రసిద్ధం. మదీనాలో రూమా అనే బావి నీటిని దాని యజమాని అమ్ముతుండగా, హజ్రత్ ఉస్మాన్ ఆ బావిని సొంత సొమ్ముతో కొని అందరి కోసం వదిలేశారన్న వృత్తాంతం, వక్ఫ్‌కు, అంటే ధర్మార్థం శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తికి, తొలి ఉదాహరణల్లో ఒకటిగా చెప్పబడుతుంది. మొహర్రం రోజుల్లో హైదరాబాదు వీధుల్లో కనిపించే సబీల్ ఉచితంగా నీళ్లు, షర్బత్ అందించే చోటు. చిన్నవారిలో ఒకరికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడు ప్రతిఫలం పోగొట్టుకోడని మత్తయి సువార్త చెబుతుంది. ఇన్ని సంప్రదాయాలు ఒకే మాట చెప్పడానికి కారణం వెతకడం కష్టం కాదు. దాహం వాయిదా వేయడానికి వీలులేని అవసరం; ఆకలిగొన్నవాడు పూట ఆగగలడు కానీ, రోహిణి కార్తెలో నడిరోడ్డు మీద దాహమైనవాడు ఆగలేడు.

అమ్మకంపై అనుమానం

నీరు దానానికి తగినదైతే అమ్మకానికి తగనిదా అన్న ప్రశ్నను ధర్మశాస్త్రాలు నేరుగానే ఎదుర్కొన్నాయి. మనుస్మృతి పదవ అధ్యాయం ఆపద్ధర్మాన్ని, అంటే సొంత వృత్తితో బతకలేని కష్టకాలంలో అనుసరించదగిన నడవడిని, వివరిస్తూ, బ్రాహ్మణ క్షత్రియులు వర్తకం చేయవలసి వచ్చినా కొన్ని సరుకులు మాత్రం అమ్మరాదని ఒక జాబితా ఇస్తుంది. వండిన ఆహారం, రసాలు, నీరు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె, బెల్లం అందులో ఉన్నాయి. నేటి వేసవి బండి మీద కనిపించే సరుకుల్లో చాలా భాగం ఆ జాబితాలోకే వస్తాయి. అదే గ్రంథం నాల్గవ అధ్యాయంలో వర్తకానికి సత్యానృతం, అంటే నిజమూ అబద్ధమూ కలిసినది, అని పేరు పెట్టింది.

అయితే ఈ నిషేధాన్ని నేటి చిరువ్యాపారి మీద మోపడం శాస్త్రదృష్టితో చూసినా తప్పే, న్యాయదృష్టితో చూసినా తప్పే. శాస్త్రదృష్టిలో అది అందరికీ విధించినది కాదు. కొన్ని వర్ణాల వారిని ఉద్దేశించిన నియమం. న్యాయదృష్టిలో, ఆ నియమం నిలిచిన పునాది పుట్టుకను బట్టి మనుషులకు శుద్ధిని, హోదాను పంచిన వర్ణవ్యవస్థ; ఒకరు అమ్మితే పతనమని, మరొకరు అమ్మితే వారి పుట్టుకకు తగినదేనని చెప్పే విభజనను ఈనాడు ఎవరూ ధర్మంగా అంగీకరించనక్కరలేదు. ఆ విభజనను తోసిపుచ్చిన తరవాత కూడా దాని వెనక ఒక నిజమైన సంకోచం మిగులుతుంది. ప్రాణాన్ని నిలిపే వస్తువులు చేతులు మారేచోట, అమ్మేవాడికి కొనేవాడి మీద మామూలుకు మించిన అధికారం వస్తుంది. ఆ అధికారాన్ని గురించిన భయమే నీటిని, పాలను, అన్నాన్ని అమ్మకం నుంచి తప్పించాలన్న ఆలోచనకు మూలం కావచ్చు. నిషేధాన్ని వదిలేసినా ఈ భయాన్ని మాత్రం గంభీరంగా తీసుకోవాలి.

తులాధారుడి తక్కెడ

వర్తకుడు వర్తకుడిగానే ధర్మాత్ముడు కాగలడా అన్న ప్రశ్నకు మహాభారతం ఇచ్చిన సమాధానం శాంతిపర్వంలోని తులాధార జాజలి సంవాదంలో ఉంది. జాజలి సముద్రతీరంలో కదలకుండా తపస్సు చేసిన ముని. ఆయన జటల్లో పక్షులు గూడు కట్టుకుని, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి ఎగిరిపోయేంత వరకు ఆయన నిశ్చలంగా ఉన్నాడు. తాను ధర్మాన్ని సాధించానని ఆయన గర్వించినప్పుడు, వారణాసిలోని తులాధారుడికి నీవు సాటిరావని ఒక అదృశ్యవాణి చెబుతుంది. ఆ తులాధారుడు అంగడిలో కూర్చుని సరుకులు అమ్ముకునే వర్తకుడు. తాను మద్యం తప్ప తక్కిన రసాలెన్నిటినో ఇతరుల నుంచి కొని మోసం లేకుండా తిరిగి అమ్ముతానని, తన తక్కెడ సమస్త ప్రాణుల పట్ల సమంగా ఉంటుందని అతడు జాజలికి వివరిస్తాడు. ప్రాణులకు ద్రోహం లేకుండా, తప్పనిసరైతే అతి తక్కువ ద్రోహంతో, సాగే జీవనమే పరమ ధర్మమని అతడి నిర్వచనం.

ఈ సంవాదం ఇక్కడ రెండు కారణాల వల్ల ముఖ్యమవుతుంది. మొదటిది, ధర్మశాస్త్ర జాబితా అనుమానించిన రసవిక్రయాన్నే ఇతిహాసం ధర్మాచరణకు వేదికగా చూపింది. దోషం సరుకులో లేదని, అమ్మే పద్ధతిలో ఉంటుందని దీని అర్థం. రెండవది, అతి తక్కువ ద్రోహం అన్న మాటలో ఒక వాస్తవ దృష్టి ఉంది. వర్తకం పూర్తిగా నిర్దోషమని తులాధారుడు అనలేదు. ఏ జీవనోపాధిలోనైనా కొంత హాని తప్పదని గుర్తిస్తూ, ఆ హానిని ఎరుకతో తగ్గించుకోవడంలో ధర్మం ఉందన్నాడు. మిథిలలో మాంసం అమ్మి జీవిస్తూ, తన దగ్గరికి వచ్చిన ఒక తపస్వికి ధర్మం బోధించిన ధర్మవ్యాధుడి కథ అరణ్యపర్వంలో ఇదే దిశలో సాగుతుంది. తపస్వులు అంగడికి వచ్చి ధర్మం నేర్చుకోవడం అనే కథాసంవిధానం రెండుసార్లు రావడాన్ని బట్టి, ఆ ఇతిహాసకర్తలకు అంగడి తక్కువ చోటు కాదని తెలుస్తుంది.

బేరమాడలేని కొనుగోలుదారు

ఇక అసలు చిక్కు. తక్కెడ సమంగా ఉన్నా, సరుకు స్వచ్ఛంగా ఉన్నా, ధర అన్యాయం కావచ్చు. చీర కొనేవాడు నచ్చకపోతే పక్క దుకాణానికి వెళతాడు, రేపు కొంటాడు, అసలు కొనడు. అతడి అంగీకారంలో తిరస్కరించే శక్తి కూడా ఉంది కాబట్టి అది నిజమైన అంగీకారం. వడగాలిలో ప్రయాణం చేసి బస్సు దిగిన ముసలివాడికి, ఆసుపత్రి గేటు బయట రోగి కోసం కాచుకున్న మనిషికి ఆ శక్తి ఉండదు. చుట్టుపక్కల మరో నీటిచుక్క లేనప్పుడు వారు ఎంత ధరకైనా సరే అంటారు. ఆ సరే అన్న మాటను ఒప్పందంగా లెక్కించడం ఆపదను ఒప్పందంగా లెక్కించడమే అవుతుంది.

ఇది ఊహలో పుట్టిన ఇబ్బంది కాదు. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరితే, ఆ కాలపు సగటుతో పోల్చి చూడకుండానే భారత వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా పరిగణిస్తుంది. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యికి మించిన మంది మరణించారు. మరణించినవారిలో ఎండలో పనిచేయక తప్పని కూలీలు, వృద్ధులు ఎక్కువ. అలాంటి రోజుల్లో తాగడానికి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సూచించే వాటిలో మజ్జిగ, నిమ్మరసం, గంజి కూడా ఉన్నాయి. అంటే వేసవి బండి మీద దొరికేది విలాసవస్తువు కాదు. కొన్ని గంటల్లో అది మందుతో సమానం.

ఇక్కడ ఒక ఆర్థిక వాదానికి జవాబు చెప్పాలి. గిరాకీ పెరిగినప్పుడు ధర పెరిగితే మరికొందరు వ్యాపారులు ముందుకు వస్తారని, సరఫరా పెరిగి చివరికి ధర దిగుతుందని, కాబట్టి ధర పెంచడం సమాజానికి మేలేనని ఆ వాదం. అందులో కొంత నిజం ఉంది. 2022 ఏప్రిల్‌లో దేశమంతటా నిమ్మకాయ ధర అసాధారణంగా పెరిగినప్పుడు, నిమ్మ సోడా అమ్మే మనిషి పాత ధరకే అమ్మాలని కోరడం అతణ్ణి నష్టపొమ్మని కోరడమే. సరుకు ధర, ఐసు ధర, బండి అద్దె పెరిగితే ఆ పెరుగుదల గ్లాసు ధరలోకి రావడం న్యాయం. ఎండలో అదనంగా నిలబడ్డ గంటలకు కూలి అడగడమూ న్యాయమే. కానీ ఖర్చు ఏమీ పెరగకుండా, ఎదుటి మనిషి నాలుక పిడచకట్టుకుపోయిందన్న ఒక్క కారణంతో పెరిగే ధర ఈ కోవలోకి రాదు. మరో వ్యాపారి వచ్చి ధర దించేది రేపో, ఎల్లుండో; దాహం ఇప్పటిది.

ఈ తేడాను కౌటిల్యుడి అర్థశాస్త్రం స్పష్టంగా గుర్తించింది. స్వదేశీ సరుకుల మీద నూటికి ఐదు, విదేశీ సరుకుల మీద నూటికి పది చొప్పున లాభాన్ని పరిమితం చేయడమే కాక, ఎంత పెద్ద లాభమైనా ప్రజలకు హాని చేసేదైతే దాన్ని అడ్డుకోవాలని, నిత్యం కావలసిన సరుకులను ఆపి ఉంచి ఇబ్బంది కలిగించరాదని ఆ గ్రంథం పణ్యాధ్యక్షుణ్ణి, అంటే వర్తక వ్యవహారాలు చూసే అధికారిని, ఆదేశిస్తుంది. ఇస్లాం న్యాయవేత్తల్లో ఎక్కువమంది చేసిన విభజన మరింత సూక్ష్మమైనది: నదిలో, ఊటలో ఉన్న నీరు అందరిదీ; దాన్ని తోడి, పాత్రలో నింపి, మోసి తెచ్చినవాడికి ఆ నీటి మీద హక్కు ఏర్పడుతుంది కాబట్టి దాన్ని అమ్మవచ్చు. అమ్మకానికి అర్హత ఇచ్చింది నీరు కాదు, మోసిన భుజం. ఈ సూత్రం వేసవి బండికి అతికినట్టు సరిపోతుంది. చెరకు గానుగ తిప్పిన చేయి, తెల్లవారుజామున పెరుగు చిలికిన చేయి, తాటిచెట్టెక్కి గెలలు దించిన ప్రాణసాహసం, బోండాన్ని ఒక్క వేటుకు కొట్టే నేర్పు ధరకు అర్హమైనవి. ఎదుటివాడి దాహంలో అమ్మేవాడి శ్రమ ఏమీ లేదు; ఎవరూ చేయనిదానికి ఎవరూ ధర అడగలేరు.

ఈ సూత్రాన్ని ఆచరణలో నిలబెట్టేది చలివేంద్రం. వీధి మొదట్లో స్వచ్ఛమైన నీరు ఉచితంగా దొరుకుతున్నప్పుడు, ఆ నీటిని దాటి వచ్చి మజ్జిగ కొన్నవాడు తన ఇష్టంతో, రుచి కోసం, చలువ కోసం కొన్నాడు. అతడు చెల్లించిన ధరలో ఆపద లేదు. నీరు దొరకనిచోట మాత్రం ఎంత మంచి వ్యాపారి అడిగిన ధరలోనైనా కొంత ఆపద కలిసే ఉంటుంది. కాబట్టి చలివేంద్రాన్ని వ్యాపారానికి పోటీగా భావించడం పొరపాటు. అది వ్యాపారాన్ని నిర్దోషం చేసే ఏర్పాటు. తన బండి పక్కనే ఒక కుండ నీళ్లు పెట్టి, కొన్నా కొనకపోయినా తాగవచ్చని చెప్పే వ్యాపారి తన లాభాన్ని తానే శుద్ధి చేసుకుంటున్నాడు.

విషం, నీరు, ఐసు

ధర తరవాత ప్రశ్న సరుకుది. బౌద్ధంలో అష్టాంగ మార్గానికి చెందిన సమ్యక్ ఆజీవం అంటే సరైన జీవనోపాధి. అంగుత్తర నికాయంలోని ఒక సుత్తం ఉపాసకులు, అంటే గృహస్థ శిష్యులు, చేయరాని వ్యాపారాలుగా ఐదింటిని పేర్కొంటుంది: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. మొదటి నాలుగూ వేసవి బండికి సంబంధించినవి కావు, ఐదవది సంబంధించినదే. చేపలను నిల్వ చేయడానికి, కర్మాగారాల అవసరాలకు ఏ నీటితోనో తయారైన ఐసు గడ్డను చెరకు రసంలో కొట్టి వేసినప్పుడు, మామిడికాయలను కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టినప్పుడు, పుచ్చకాయ ఎర్రగా కనిపించడానికి రంగు ఎక్కించినప్పుడు, అమ్మేది చలువే అయినా చేతికి అందేది విషమే. కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. కానీ నిబంధన చేరలేని చోట కూడా ధర్మం చేరాలి. కల్తీ సరుకు కొన్నవాడికి తాను ఏమి తాగుతున్నాడో తెలియదు కాబట్టి అతడి అంగీకారం ఇక్కడ కూడా అంగీకారం కాదు. ఎక్కువ ధరలో ఆపద ఎలా దాగి ఉంటుందో, కల్తీలో అజ్ఞానం అలా దాగి ఉంటుంది.

శుభ్రత ఖర్చుతో కూడుకున్నదన్న మాట నిజమే. కాచి చల్లార్చిన నీరు, తాగునీటితో చేసిన ఐసు, కడిగిన గ్లాసులు, మూతవేసిన పాత్రలు రోజు లాభంలో కొంత తగ్గిస్తాయి. ఆ తగ్గిన భాగాన్ని నష్టంగా కాక తులాధారుడు చెప్పిన అల్పద్రోహ జీవనానికి చెల్లించే మూల్యంగా చూడటమే వర్తకుడి తపస్సు. జాజలి జటల్లో పక్షులు గూడు కట్టేంత నిశ్చలత అందరికీ సాధ్యం కాదు గానీ, గ్లాసును మంచినీటితో కడగడం అందరికీ సాధ్యం.

ఎవరి గ్లాసు

దానానికైనా అమ్మకానికైనా మూడవ పరీక్ష, ఎవరికి అందుతోంది అన్నది. నీటి చరిత్రలో పుణ్యం ఎంత ఉందో అవమానమూ అంత ఉంది. దళితులు బావి దగ్గరికి రాకూడదన్న ఊళ్లలో, చేయి తగలకుండా పైనుంచి దోసిట్లో పోసిన నీరు దాహం తీర్చింది కానీ మనిషిని తక్కువ చేసింది. 1927 మార్చి 20న మహాద్‌లో చవదార్ చెరువు నీటిని డాక్టర్ అంబేద్కర్ వేలాది అనుచరులతో కలిసి తాగడం అందుకే ఒక మహోద్యమ ఘట్టమైంది. డబ్బు చేతికిచ్చి కొన్నచోట ఈ అవమానం ఉండదనుకోవడానికీ వీలులేకపోయింది. అందరూ ఒకే ధర చెల్లించినా దళితులకు వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి తెలుగు పల్లెల టీ కొట్లలో చాలాకాలం నడిచింది. కాబట్టి దానం దానంతట అదే ధర్మం కాదు, వర్తకం దానంతట అదే సమానత్వం కాదు.

భారత రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండవ భాగం కులం, మతం, లింగం వంటి కారణాలతో ఎవరినీ అడ్డుకోరాదని చెబుతూ దుకాణాలు, హోటళ్ల ప్రవేశాన్ని, ప్రజల కోసం ఉద్దేశించిన బావులు, చెరువుల వినియోగాన్ని ఒకదాని వెంట ఒకటిగా పేర్కొంది. అమ్మే చోటునూ ఇచ్చే చోటునూ ఒకే నియమం కిందికి తేవడం ఈ చర్చకు ఎంతో విలువైన సూచన. బండి దగ్గరైనా చలివేంద్రం దగ్గరైనా అందరికీ ఒకే కుండ, ఒకే గ్లాసు, ఒకే మాట తీరు ఉన్నప్పుడే దాహం తీరిందని చెప్పవచ్చు.

ఇచ్చేవారి ధర్మం

ఇంతవరకు అమ్మేవాడి ధర్మం చర్చకు వచ్చింది, ఇచ్చేవాడికీ పరీక్షలున్నాయి. భగవద్గీత పదిహేడవ అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా విభజించింది. ప్రతిఫలం ఆశించకుండా, తగిన చోట, తగిన సమయంలో, తగినవారికి ఇచ్చేది సాత్త్వికం. బదులు ఆశించో, ఫలితాన్ని ఉద్దేశించో ఇచ్చేది రాజసం. అకాలంలో, అపాత్రులకు, అగౌరవంతో ఇచ్చేది తామసం. పెద్ద బొమ్మల బ్యానరు కట్టి ప్రారంభోత్సవం రోజున మజ్జిగ పంచి, వారం తిరగకముందే ఎండిన కుండలతో మిగిలిపోయే చలివేంద్రం ఈ విభజనలో ఎక్కడ నిలుస్తుందో దాతలే ఆలోచించుకోవాలి. తగిన సమయం అంటే వేసవి మొదటి రోజు మాత్రమే కాదు. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం.

మరొక విషయం తరచు గమనింపుకు రాదు. సంపన్నులు ఒక కూడలిలో రోజంతా ఉచితంగా మజ్జిగ పంచితే, ఆ కూడలిలో మజ్జిగ అమ్మి పిల్లల్ని చదివించుకునే స్త్రీ ఆ రోజు ఖాళీ చేతులతో ఇంటికి పోతుంది. ఒకరి పుణ్యం మరొకరి పూట కూడును తీసేయకూడదు. నీరు ఉచితంగా ఇవ్వడం అందరి బాధ్యత కాబట్టి అది నిరంతరం సాగాలి. మజ్జిగ, అంబలి, షర్బత్ పంచదలచినవారు మాత్రం వాటిని ఆ వీధి వ్యాపారుల దగ్గరే న్యాయమైన ధరకు కొని పంచితే, ఒకే ఖర్చుతో దాహమూ తీరుతుంది, జీవనమూ నిలుస్తుంది.

శ్రమను, దానాన్ని ఇలా జోడించిన ఆలోచన తెలుగువారికి కొత్త కాదు. పన్నెండవ శతాబ్దంలో కల్యాణంలో బసవేశ్వరుడు, ఆయన సహచరులైన శరణులు బోధించిన కాయకం అంటే తన చేతులతో చేసే నిజాయితీగల పని. దాసోహం అంటే ఆ పని వల్ల వచ్చినదాన్ని సమాజంతో పంచుకోవడం. ఆ ఉద్యమ స్ఫూర్తిని పాల్కురికి సోమనాథుడు తెలుగులో ద్విపద బసవపురాణంగా జనానికి చేర్చాడు. ఆ శరణుల్లో ఒకడైన ఆయ్దక్కి మారయ్య వీధుల్లో రాలిన బియ్యపు గింజలు ఏరుకొచ్చి, వాటితోనే శివభక్తులైన జంగములకు అన్నం పెట్టేవాడు. ఒకనాడు అవసరానికి మించి తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ ఆ అధికాన్ని ఎక్కడిదక్కడే పోసి రమ్మని చెప్పిందన్న కథ ప్రసిద్ధం. వేసవి వ్యాపారికి ఇది నేరుగా తగిలే బోధ. మూడు నెలల ఆదాయంతో పన్నెండు నెలలు గడపవలసిన కుటుంబం లాభం తీయడం అత్యాశ కాదు, అవసరం; ఆ అవసరాన్ని దాటిన చోట ఆగడం తెలియడమే కాయకాన్ని వట్టి సంపాదన నుంచి వేరు చేస్తుంది.

మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామి గురించిన విశ్వాసం కూడా ఇక్కడ స్మరించదగినదే. భక్తులు సమర్పించిన పానకంలో సగమే స్వామి స్వీకరించి, మిగతా సగాన్ని ప్రసాదంగా విడిచిపెడతాడని, కృతయుగంలో అమృతాన్ని, త్రేతాయుగంలో నెయ్యిని, ద్వాపరంలో పాలను, కలియుగంలో పానకాన్ని అందుకుంటాడని స్థలపురాణం చెబుతుంది. యుగం మారేకొద్దీ దైవం తన పానీయాన్ని పేదవాడికి అందుబాటులో ఉన్నదాని దాకా తగ్గించుకోవడం, అందులోనూ మొత్తం పుచ్చుకోకుండా తిరిగి ఇవ్వడం, పుచ్చుకోవడానికి కూడా ఒక మర్యాద ఉందన్న నమ్మకాన్ని తెలుపుతుంది.

ఊరి బాధ్యత

ఈ విచారణ మొత్తాన్ని చిరువ్యాపారి భుజాల మీద పెట్టి ముగించడం అన్యాయం. ఎండ అతడినీ కొనేవారిని కొట్టినట్టే కొడుతుంది. ఒక్క అకాల వర్షానికి ఆ రోజు సరుకు నేలపాలవుతుంది. ఉదయం తొమ్మిది వందలు చేతిలో పెట్టి సాయంత్రానికి వెయ్యి వసూలు చేసే రోజువారీ అప్పులు అతడి లాభాన్ని మింగేస్తాయి. అంత వడ్డీ కట్టవలసినవాడు ఐసు నాణ్యతలోనో, గ్లాసు ధరలోనో దాన్ని రాబట్టుకోవడానికి ప్రయత్నిస్తే, ఆ దోషంలో వడ్డీ తీసుకున్నవాడికి సగం కంటే ఎక్కువ వాటా ఉంటుంది. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణకు 2014లో వచ్చిన చట్టం వారికి అమ్ముకునే చోటు చూపే బాధ్యతను పట్టణాల మీద పెట్టింది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి స్వనిధి పథకం తొలి విడతగా 10,000 రూపాయల హామీలేని రుణాన్ని అందుబాటులోకి తెచ్చింది. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద చిన్న వ్యాపారులకు తేలికపాటి నమోదు పద్ధతి ఏర్పడింది. ఇవి సక్రమంగా అందినచోట నిజాయితీ ఖరీదు తగ్గుతుంది. అందనిచోట నిజాయితీ పేదవాడు భరించలేని విలాసమవుతుంది.

ధర్మాన్ని వ్యక్తి నుంచి కోరే ముందు, దాన్ని పాటించడానికి వీలైన పరిస్థితిని సమాజం కల్పించాలన్నది ఈ చర్చ నుంచి తేలే నిర్ణయం. కూడలిలో కుళాయి ఎండిపోయి, బస్టాండులో తాగునీటి తొట్టి పగిలిపోయి, బడి బయట పిల్లలకు చుక్క నీరు దొరకని ఊరు, తోపుడు బండి దగ్గర రెండు రూపాయలు ఎక్కువ అడిగిన మనిషిని దోషిగా నిలబెట్టలేదు. అతడి ధరలోకి ఆపదను చేర్చింది ఆ ఊరే. వేసవి రాకముందే ప్రతి కూడలిలో శుభ్రమైన నీటిని ఉచితంగా, అందరికీ ఒకే తీరున, కార్తెలన్నీ గడిచే దాకా ఆగకుండా ఏర్పాటు చేసిన ఊరికి మాత్రమే తన వ్యాపారుల నుంచి న్యాయమైన ధరను, మంచి సరుకును కోరే అధికారం ఉంటుంది. అలా ఏర్పాటు చేసిన ఊళ్లో మజ్జిగ అమ్మి సంపాదించిన ప్రతి రూపాయీ శ్రమకు దక్కిన కూలి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ ఉండదు.